పైకప్పు కొట్టి వినే రాజేశం

రాజేశం మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ముందు నాకు నమస్కారం పెట్టలేదు. గుమ్మంలో ఆగి, తలుపు వెనకున్న బూజుకర్ర అందుకుని, మా హాలు పైకప్పును అక్కడా ఇక్కడా గట్టిగా పొడిచాడు. పొడిచిన ప్రతిసారీ చెవి ఒక పక్కకు వంచి విన్నాడు. తృప్తి కలిగాక కర్ర మూలకు చేర్చి, చెప్పులు విడిచి, అప్పుడు "నమస్తే పెద్దసారూ" అన్నాడు.

మాది ఖతార్ దేశంలో, మెసైమీర్‌లో మూడో అంతస్తు. ఆ పొడుపులకు మా పైన ఉండే ఈజిప్టు ఆయన దిగొచ్చి, ఏం కావాలని నన్ను అడిగాడు. ఏం చెప్పాలో తోచక కాస్త అల్లం ఉందా అన్నాను. తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు టీలో అల్లం పడింది కనక రాజేశం రాక శుభసూచకమే అనుకున్నాను.

"ఏమయ్యా, మా కప్పుకేమైనా జబ్బా?" అన్నాను.

"జబ్బేం లేదు సారు. మంచిగ మోగుతున్నది. గట్టిగున్నది."

"గట్టిగా లేకపోతే?"

"నేను లోపలికి రాకపోదును. మిమ్ముల గూడ బయటికి గుంజుదును."

అతని వెనక ఫయాజ్ అనే హైదరాబాదీ ఫోర్‌మన్, కంబళిలో చుట్టిన ఏదో బరువు మోసుకుంటూ రొప్పుతున్నాడు. "అరె రాజేశం భాయ్, నీ పరీక్ష అయిపోతే జర పక్కకు జరుగు. నా నడుం కూలుతుంది, దాన్ని కొట్టి చూడు ముందు" అన్నాడు.

ఇద్దరూ మా అమ్మాయి ప్రతిమ కోసం వచ్చారు. ప్రతిమ జియాలజీ చదివింది. ఇక్కడ ఎగ్జిబిషన్లు కట్టే ఒక కంపెనీలో పని చేస్తుంది. ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలి, దాని కథ ఏమిటి అనేది తను చూస్తుంది. ఆ బొమ్మలు తయారయ్యేది ఇండస్ట్రియల్ ఏరియాలోని వర్క్‌షాపులో, ఫయాజ్ చేతి కింద. రాజేశం అక్కడ అచ్చులు పోసే మనిషి. ఉండేది బర్వా అల్ బరాహా అనే కార్మికుల క్యాంప్‌లో.

ఆ పూట ప్రతిమకు ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉండిపోతే, నమూనా చూపించడానికి ఇంటికే తెచ్చారు. ఫయాజ్ కంబళి విప్పాడు. మూడు వేళ్ళున్న పాదం. పెళ్ళిళ్ళలో బిర్యానీ డేగిసా మీద మూత ఉంటుందే, అంత వెడల్పు. రాతి రంగు. ప్లాస్టర్‌తో పోసింది.

"ఇదేం కోడి?" అన్నాను.

"నాన్నా, నువ్వు కాసేపు ఊరుకో" అని ప్రతిమ దాని చుట్టూ తిరిగి చూసి, టీ తాగుతూ మా ముగ్గురికీ దాని కథ చెప్పింది.

అమెరికాలో యూటా అనే రాష్ట్రం ఉంది. అక్కడ బ్లాక్‌హాక్ అని పేరు పెట్టిన రాతి పొరల్లో బొగ్గు ఉంది. ఎనిమిది కోట్ల ఏళ్ళ కిందట అదంతా సముద్రం ఒడ్డున చిత్తడి అడవి. రాలిన ఆకులూ కొమ్మలూ కుళ్ళి మెత్తటి పరుపులా పేరుకున్నాయి. ఆ పరుపు మీద డైనోసార్లు మేస్తూ తిరిగాయి. వాటి బరువుకు పాదాలు లోతుగా దిగబడ్డాయి. ఆ తరవాత వరదొచ్చి ఆ గుంటల్లో ఇసుక నింపింది. కాలం గడిచి ఆకుల పరుపు బొగ్గయింది, ఇసుక రాయి అయింది. మనుషులొచ్చి కింది బొగ్గు తవ్వి పట్టుకుపోయారు. పైన రాయి మిగిలింది. అందుకని ఆ గనుల్లో డైనోసార్ పాదాలు నేల మీద కనబడవు. పైకప్పులోంచి కిందకు దిగి వేలాడుతూ ఉంటాయి.

"అంటే మన పై అంతస్తు ఆయన కాళ్ళు కప్పు చీల్చుకుని మన హాల్లోకి దిగినట్టన్నమాట" అన్నాను.

"అచ్చం అంతే" అంది ప్రతిమ. నేను చెప్పినదాన్ని తను ఒప్పుకోవడం చాలా అరుదు కనక ఇక్కడ రాసుకుంటున్నాను.

రాజేశం మాత్రం టీ కప్పు కింద పెట్టేశాడు. "అవి పడయా మేడం?"

"పడతాయి. పాదానికీ చుట్టూ ఉన్న రాయికీ మధ్య పట్టు ఉండదు. కిందనుంచి బొగ్గు తీసేశాక ఉన్నట్టుండి జారి పడతాయి. వాటి కింద మనుషులు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి."

రాజేశం ఆ ప్లాస్టర్ పాదాన్ని చేత్తో తడిమాడు. మనం కొత్త మనిషిని చూసినట్టు చూడలేదు. తన పాత శత్రువుకు దూర దేశంలో ఉన్న బంధువును చూసినట్టు చూశాడు.

రాజేశానిది మందమర్రి. తండ్రి బొగ్గుబాయిలో పని చేసేవాడు. బాయి అంటే అక్కడ గని. రాజేశం కూడా మీసాలు రాగానే దిగాడు. అతని పని టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. దుంగ నిలబెట్టడానికి ముందు పొడుగు కర్రతో కప్పును కొట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. పైన పొర వదిలేసిన కప్పు డప్పులా బోలుగా మోగుతుంది. బోలుగా మోగితే ఒక్కటే పని. అరవడం, పరుగెత్తడం.

"మరి చూసుకోవద్దా? నిజంగా వదిలిందో లేదో?" అని అడిగాను.

"చూసుకుంట నిలబడ్డోడు మల్ల చెప్పేతందుకు రాడు సారు."

ఒకసారి ఇతను అరిస్తే తోటివాళ్ళు తిట్టుకుంటూ తిండి డబ్బాలు అక్కడే వదిలి ఉరికారట. ఆ డబ్బాలు మళ్ళీ ఎవరికీ దొరకలేదు. వాటి మీద ఇల్లంత బండ పడింది. ఇంకోసారి అరిస్తే అందరూ ఉరికారు, ఏమీ పడలేదు. షిఫ్టు అంతా పాడైందని పై అధికారి నానా మాటలూ అన్నాడు. "రెండుసార్లు గూడ నేను ఒక్క తీరుగనే ఒర్రిన సారు" అన్నాడు రాజేశం. అందులో అతనికి సిగ్గూ లేదు, గొప్పా లేదు. నాకు మాత్రం ఆ రెండో అరుపే గొప్పగా తోచింది. బండ పడితే ఎవరైనా వీరుడే. పడకపోయినా మళ్ళీ అరవగలవాడికి గుండె ఎక్కువ ఉండాలి.

తరవాత ఆ బాయి మూతపడింది. దుంగలు నిలబెట్టడం తెలిసినవాడు కనక కార్పెంటర్ వీసా మీద ఖతార్ వచ్చాడు. ఏళ్ళ తరబడి కాంక్రీటు కింద చెక్కలు బిగించాడు. ఆ చెక్కల పని నుంచి అచ్చుల పనికి మారాడు. కప్పు కొట్టి చూడటం మాత్రం మానలేదు. క్యాంప్ గది, మెస్సు, ఉమ్ ఘువైలినాలో క్షవరం చేయించుకునే దుకాణం, అన్నీ కొట్టి చూశాడు. ఆ క్షవరం దుకాణంలో అతను కొట్టిన దెబ్బకు ముగ్గురి మీసాలు సగం సగం తెగాయని నేను అందరికీ చెబుతుంటాను. ఫయాజ్ ఒక్కడి మీసమే అంటాడు. ఆ ఒక్కడు ఫయాజే.

ఆ రోజు ప్రతిమ చెప్పిందంతా విని రాజేశం ఒక సంగతి చెప్పాడు. తమ బాయిలో కప్పు మీద ఆకుల ముద్రలు కనబడేవట, ఈనెలతో సహా.

"అవునండీ. మన బొగ్గు ఇంకా పాతది" అంది ప్రతిమ. "అది ఏర్పడేనాటికి అసలు డైనోసార్లే పుట్టలేదు."

రాజేశం మొహం వెలిగిపోయింది. "అయితే మా బాయే పెద్దన్న!" అన్నాడు. తరవాత ఆ పాదాన్ని తట్టి, "ఇది తమ్ముడు. దీన్ని మంచిగ చూసుకోవాలె" అన్నాడు.

చూసుకున్నాడు కూడా. ఒక పెద్ద మాల్ పక్కనున్న హాల్లో సొరంగం కట్టారు. ఇనుప చట్రం, దాని మీద బొగ్గు గోడలు, పైన రాతి కప్పు, కప్పులోంచి దిగిన పాదాలు. పాదాల అచ్చులన్నీ రాజేశమే తీశాడు. ఎడమ పాదం ఒకటి కాస్త ఈడ్చినట్టు ఉంటుంది. నా మోకాలి నొప్పి నడక చూసి అలా చేశాడని నా వాదన. ఫొటోలో ఎలా ఉందో అలా చేశాడని ప్రతిమ వాదన. రాజేశాన్ని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. కనక నాదే నెగ్గింది.

ఆ సొరంగం మీద అతనికి అంత ఆశ ఎందుకో నెమ్మదిగా తెలిసింది. మందమర్రిలో అతని భార్య ఓదెమ్మ ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఓదెమ్మ బాయి గేటు దాకా వెళ్ళిందే గాని లోపలికి దిగలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళను కిందకు దింపేవారు కాదు. "లోపల ఎట్లుంటది?" అని పెళ్ళైన కొత్తలో అడిగిందట. "చీకటుంటది" అన్నాడట. అంతకంటే చెప్పడం చేతకాలేదు. ఇప్పుడు తన చేతులతో కట్టిన బాయిని, ప్రారంభం రోజున, ఫోన్‌లో ఆమెకు చూపిస్తానని మాటిచ్చాడు. గల్ఫంతా దుబాయే అనుకునే ఊళ్ళో వాళ్ళు, "దుబాయ్‌ల బొగ్గుబాయి ఏందే ఓదెమ్మా, నీ మొగడు నిన్ను ఆగం జేస్తున్నడు" అని నవ్వారట. అందుకని చూపించి తీరాలి.

ప్రారంభానికి వారం ముందు రాజేశానికి జ్వరం వచ్చింది. క్యాంప్‌లోనే పడుకున్నాడు. ఆ వారంలోనే భద్రత చూసే అధికారి వచ్చి, ప్లాస్టర్ పాదాలు బరువెక్కువ, జనం తలల మీద వేలాడదీయడానికి వీల్లేదు అన్నాడు. ఫయాజ్ అవే అచ్చుల్లో తేలికైన ఫైబర్‌తో పాదాలు పోయించి, రంగు వేయించి, పాతవి దింపి కొత్తవి బిగించాడు. చూస్తే తేడా తెలియదు. లోపల మాత్రం డొల్ల. ఈ సంగతి రాజేశానికి ఫయాజ్ చెప్పాడని ప్రతిమ అనుకుంది. ప్రతిమ మేడం చెప్పే ఉంటుందని ఫయాజ్ అనుకున్నాడు.

ప్రారంభం రోజు పొద్దున రాజేశం జ్వరం నుంచి లేచి, ఉతికిన చొక్కా వేసుకుని నేరుగా హాలుకు వచ్చాడు. చొక్కా జేబులో ఫోన్, ఫోన్‌లో ఓదెమ్మ. కెమెరా జేబు మీదుగా బయటకు చూస్తోంది. "ఇంకా లోపలికి పోలేదా?" అని ఆమె అడగడం నా చెవిన కూడా పడింది. ఎదురుగా ముదీర్, అంటే కంపెనీ పెద్ద, చేతిలో కహ్వా అనే అరబ్బు కాఫీ కప్పుతో అతిథులను వెంటేసుకుని సొరంగంలోకి నడుస్తున్నాడు. ప్రతిమ వాళ్ళకు వివరిస్తోంది. స్కూలు పిల్లలు వరసగా వెనక వస్తున్నారు.

రాజేశం అలవాటు ప్రకారం కర్ర ఎత్తి మొదటి పాదాన్ని కొట్టాడు. డప్పులా బోలుగా బొద్దుమంది. రెండోదాన్ని కొట్టాడు. బొద్దుమంది.

ఆ తరవాత వచ్చిన అరుపు మామూలుది కాదు.

"కప్పు వదిలింది! ఉరుకుండ్రి! బయటికి ఉరుకుండ్రి!"

అక్కడ తెలుగు తెలిసినవాళ్ళం నలుగురం. కానీ అందరూ పరుగెత్తారు. ఆ గొంతుకు అనువాదం అక్కరలేదు. పిల్లలు పరుగెత్తారు, టీచర్లు పరుగెత్తారు. ముదీర్ ఎంత వేగంగా పరుగెత్తాడంటే ఆయన నీడ కాస్త ఆలస్యంగా బయటకు వచ్చింది. నా మోకాలి నొప్పి ఆ రోజు పోయింది, మర్నాడు మళ్ళీ తిరిగొచ్చింది. రాజేశం మాత్రం అందరికంటే చివర, ఒక చిన్న పాపను చంకన వేసుకుని, ప్రతిమను ముందుకు నెడుతూ వచ్చాడు. వచ్చి సొరంగం నోటికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

ఫయాజ్ అతని చెయ్యి కింద నుంచి దూరి లోపలికి పోయి, ఒక పాదాన్ని పిడికిలితో గుద్దాడు. "అరే రాజేశం! ఫైబర్ హై భాయ్! అన్నీ మార్చినం! లోపల ఖాళీ!"

ముందు ఒకరు నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. ముదీర్ నవ్వలేదు. ఆయన తెల్లటి బట్టల మీద కహ్వా ఒలికి ఉంది. రాజేశం వైపు వేలు చూపి, "ఖలాస్. ఇతను మళ్ళీ సొరంగంలో అడుగు పెట్టకూడదు" అన్నాడు.

రాజేశం చేతులు దించాడు. ఆ తొక్కిడిలో ఫోన్ ఎక్కడో పడిపోయింది. దొరికేసరికి అద్దం పగిలి, చచ్చిపోయి ఉంది. మందమర్రిలో ఓదెమ్మ ఆఖరున విన్నది "కప్పు వదిలింది" అన్న మాట.

ప్రతిమ తన ఫోన్ తీసి, అతన్నడిగి నంబరు కొట్టింది. మోగగానే నాకిచ్చింది. నేను నా పేరు చెప్పి, "అమ్మా, మీ ఆయన క్షేమం" అన్నాను.

"నాకు ఎరుకే సారు" అంది ఓదెమ్మ. "అంతగనం ఒర్రిండంటే కప్పు మాట ముందుగాల ఇన్నట్టే. ఇన్నోడు బతుకుతడు. మరి మిగిలినోళ్ళు ఎల్లిండ్రా?"

అందరం బయటపడ్డామనీ, అసలు ఏమీ పడలేదనీ చెప్పాను. "ఏం పడలేదా? మంచిగైంది" అంది. ఆ మాట అన్న మనిషి ఆ రోజు ఆ ఒక్కతే.

రాజేశాన్ని వర్క్‌షాపు వెనక యార్డులో ఇసుక జల్లించే పనిలో వేశారు. కాంట్రాక్ట్ ముగింపు దగ్గర పడుతోంది. ఇంటికి పంపేస్తారని ఫయాజ్ భయపడ్డాడు. తప్పు తనదేనని, ఎవరు వింటారని కూడా చూడకుండా అందరికీ చెప్పుకు తిరిగాడు. రాజేశం మాత్రం, "పంపితే పంపనీ. లోపలికి ఒక్కసారి పోనిస్తే సాలు. ఓదెమ్మకు మాటిచ్చిన" అనేవాడు.

ఇంతలో చిత్రం జరిగింది. మొదటి రోజు పరుగెత్తిన పిల్లలు ఇంటికెళ్ళి ఎంత గొప్పగా చెప్పారో గాని, తరవాత వచ్చిన ప్రతి స్కూలు వాళ్ళూ సొరంగం దగ్గర ఆగి, "అరిచే అంకుల్ ఏడీ?" అని అడగడం మొదలుపెట్టారు. లేడంటే మొహాలు ముడుచుకున్నారు. పాదాలను చూసి ఊరికే వెళ్ళిపోయారు. ఈ సంగతి ముదీర్ దాకా వెళ్ళింది. ఆయన రాజేశాన్ని తన ఆఫీసుకు పిలిపించాడు. తర్జుమా చేసి చెప్పడానికి ప్రతిమ, తోడుగా ఫయాజ్, ఎవరూ పిలవకపోయినా నేను వెళ్ళాం.

లోపలికి అడుగు పెట్టేముందు రాజేశం గుమ్మంలో ఆగాడు. ఫయాజ్ అతని చెయ్యి పట్టుకుని, "కొట్టకు! అల్లా కసం, ఈ ఒక్క కప్పు వదిలెయ్" అన్నాడు. రాజేశం పిడికిలితో గోడ మీద మెల్లగా ఒక్కటి తట్టి లోపలికి వచ్చాడు.

ముదీర్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. సొరంగం దగ్గరే డ్యూటీ ఇస్తానన్నాడు. కాంట్రాక్ట్ పొడిగిస్తానన్నాడు. ఒక్కటే పని. పిల్లల గుంపు వచ్చినప్పుడల్లా ఆ రోజులాగే కొట్టి, ఆ రోజులాగే అరవాలి.

ప్రతిమ తెలుగులో చెప్పింది. ఫయాజ్ అప్పటికే రాజేశం వీపు చరిచి "ముబారక్" అనేశాడు.

"ఒర్ర మేడం" అన్నాడు రాజేశం.

"ఏందిరా?" అన్నాడు ఫయాజ్.

"ఊకెనే ఒర్ర. కప్పు మంచిగుండంగ వదిలిందని ఒర్రుడు నాతోని కాదు."

"అరె, ఆ రోజు కూడా మంచిగనే ఉండె కదా! అప్పుడు అరిస్తివి!"

"అప్పుడు నాకు వదిలిందనే ఇనబడ్డది. ఇప్పుడు వదల్లేదని ఎరుక." అతను ప్రతిమ వైపు తిరిగాడు. "మేడం, ఆ పోరగాండ్లు నన్ను చూసి నవ్వుకుంట ఉరుకుతరు. నవ్వుకుంట ఉరుకుడు అలవాటైతే, నిజంగ ఎవడన్న ఒర్రిననాడు గూడ నవ్వుకుంట నిలబడతరు. ఆ పాపం నాకద్దు. నన్ను ఇసుక కాడికే పోనియ్యుండ్రి."

ప్రతిమ ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టింది. ముదీర్ మొహంలో మొదట కోపం వచ్చింది. కాసేపటికి అది ఎటో వెళ్ళిపోయింది. "మరి ఇతను ఏం చేస్తాడట?" అన్నాడు.

రాజేశం దగ్గర జవాబు ఉంది. ఇసుక జల్లిస్తూ అదే ఆలోచించాడట. దింపేసిన ప్లాస్టర్ పాదాలు యార్డులోనే పడి ఉన్నాయి. అందులో ఒకదాన్ని సొరంగం నోటి పక్కన, నేల మీద గట్టి దిమ్మె కట్టి నిలబెడతాడు. దాని పక్కన ఒక ఫైబర్ పాదం. వచ్చిన ప్రతివాడి చేతికీ ఒక కర్ర. రెండూ కొట్టి వినాలి. ఏది గట్టిదో, ఏది బోలుదో చెవితో చెప్పాలి. చెప్పాకే లోపలికి పోవాలి. ఆ బ్లాక్‌హాక్ బొగ్గు తీసిన మనుషులు ఆ పాదాల కింద ఎట్లా బతికారో అప్పుడు తెలుస్తుంది. "నేను ఒర్ర. ఆల్లకు ఇనుడు నేర్పుత" అన్నాడు.

ముదీర్ లేచి, తన బల్లను వేలితో కొట్టి విన్నాడు. తరవాత గోడను కొట్టాడు. తరవాత ఫయాజ్ తలను కొట్టబోయి ఆగిపోయాడని నేను మా ఇంట్లో చెప్పాను. అది మీరు నమ్మకపోయినా, ఆయన చివరికి అన్న మాట మాత్రం నిజం.

"యల్లా" అన్నాడు, సరే కానివ్వండి అని.

సెలవు రోజు పొద్దున్నే, హాలు తెరవకముందు, రాజేశం సొరంగం నోట్లో నిలబడ్డాడు. కొత్త ఫోన్ ఫయాజ్ ఇప్పించాడు. ఫోన్‌లో ఓదెమ్మ, ఆమె వెనక, అప్పుడు నవ్విన ఊరంతా. ఓదెమ్మ మొహం మీద పౌడరు, నుదుట పెద్ద బొట్టు. గేటు దాకా భర్తను సాగనంపడానికి వచ్చినప్పుడు కూడా ఇలాగే తయారయ్యేదేమో, నేను అడగలేదు.

అతను ముందు బయటి పాదాలు రెండూ కొట్టాడు.

"రెండోది బోలుది" అంది ఓదెమ్మ వెంటనే.

"ఎట్ల చెప్పినవే?"

"ఇన్నేండ్లు మనింట్ల కప్పు కొట్టినప్పుడల్ల నేను ఇనలేదా?"

రాజేశం నవ్వాడు. సొరంగం వైపు నడవబోయాడు. ఓదెమ్మ "ఆగు" అంది. "నేను లోపలికి రావచ్చునా?"

ఆ పైన వేలాడేవన్నీ ఫైబర్ పాదాలనీ, ఇనుప చట్రానికి గట్టిగా బిగించారనీ ఇప్పుడు అతనికి బాగా తెలుసు. అయినా ఫోన్‌ను సొరంగం నోటి దగ్గర ఒక రాతి మీద ఆనించి పెట్టాడు. కర్ర తీసుకుని ఒక్కడే లోపలికి వెళ్ళాడు. చట్రం ప్రతి చోటా కొట్టి విన్నాడు. ఇనుప మోత ఖంగు ఖంగుమంటూ వినవచ్చింది. అది బాగా దూరం వెళ్ళి, మళ్ళీ దగ్గరకొచ్చింది. ఊరంతా ఫోన్‌లోంచి వింటోంది.

అప్పుడు అతను తిరిగి వచ్చి, ఫోన్‌ను రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"రా" అన్నాడు. "మంచిగున్నది. లోపలికి రా."